పెన్న ఇసుక మీద రెండు మాటలు

పన్నెండేళ్లుగా ఒక మాట నన్ను మోస్తోంది. ఆ మాట వెనుక ఉన్నదాన్ని నేను మోస్తున్నాను.

పులివెందుల సభల్లో నన్ను చతురుడని పరిచయం చేస్తారు. అది అబద్ధం కాదు. మాటను ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో నాకు తెలుసు. ఆ విద్యపై నాకు ఈనాటికీ సందేహం లేదు. సందేహమంతా దానితో నేను చేసిన మొదటి పని మీదనే. చదివే మీరెవరో నేనెరుగను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో జరిగిన సంగతి. మా వంశంలో పట్టభద్రుడనైన మొదటివాణ్ణి నేను. జమ్మలమడుగులో నాకు ఛందస్సు నేర్పిన అయ్యవారు అష్టావధాని. ఎనిమిదిమంది చుట్టూ కూర్చుని ఎనిమిది విధాల పరీక్షిస్తూ ఉంటే ఒక్కటీ మరవకుండా పద్యాలు చెప్పాలి. మధ్యమధ్య మోగే గంటలు లెక్కపెట్టుకోవాలి. అందులో ఒకని పని అసందర్భపు ప్రశ్నలతో అవధాని ధ్యాస చెదరగొట్టడం. అవధాని వాటిని చమత్కారంగా తిప్పికొట్టాలి. ప్రొద్దుటూరు అవధానంలో ఆ అప్రస్తుత ప్రసంగం నాకిమ్మని నిర్వాహకులను కోరింది అయ్యవారే.

బస్సులో వెళుతూ ఆయన గొంతు తగ్గించారు. “నా కుడిపక్క కూచో నాయనా. ఎడం చెవి పోయి ఆర్నెల్లాయ. ఇంట్లో గూడా తెలీదు.”

సభలో నేను ఆయన ఎడమపక్క కూర్చున్నాను.

ఎందుకు? ప్లీడర్లూ బంగారు వర్తకులూ ఆ వైపు ముందువరసలో ఉన్నారనా? వాళ్ల ముఖాలు చూస్తూ మాట్లాడాలనా? చాలాకాలం అలాగే చెప్పుకున్నాను. నిజం అంతకంటే చిన్నది. బదులు రాని ప్రశ్న వేసినవాడే గెలుస్తాడని నాకు తెలుసు.

నా అసందర్భపు ప్రశ్న ఒకసారి అడిగాను. పలకలేదు. రెండోసారి అడిగాను. ఆయన ధ్యాస కుడివైపు పెద్దమనిషి ఇచ్చిన సమస్య మీదనే ఉంది. అప్పుడు సభవైపు తిరిగి అన్నాను: “చెలమ తవ్వుతానే ఉండాం. ఇసుక తప్ప ఏం రాల్యా.”

వేసవిలో పెన్న ఇసుకను చేతులతో తోడి, ఊరిన నీళ్లు ముంతలతో పట్టుకునే జనం వాళ్లు. హాలంతా నవ్వింది. దేనికి నవ్వుతున్నారో తెలియక అయ్యవారు అటూ ఇటూ చూశారు. ఆ నవ్వులోనే రెండు గంటలు మోగాయి. చివరికి ఆయన చెప్పిన లెక్కలో ఆ రెండూ తగ్గాయి.

వయసు మీదపడిందన్నారు అందరూ. వారం తిరగకముందే ‘ఇసుక అవధాని’ అన్న పేరు స్థిరపడింది. ఆయన మరే అవధానానికీ ఒప్పుకోలేదు.

తిరుగు బస్సులో, నువ్వేమన్నావని అడిగారు. ఈసారి కుడిపక్కనే కూర్చుని చెప్పాను. ఆయన నవ్వారు. నిజంగానే నవ్వారు, మంచి మాట విన్న పండితుని నవ్వు. తర్వాత అన్నారు: “రెండు దోసిళ్లు తోడి చేతులు దులుపుకునేవానికి పెన్న ఎప్పుడూ ఎండిందే. ఇనపడింటే ఇట్ల చెప్పింటి నాయనా.”

ఎడమపక్క ఎందుకు కూర్చున్నావని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే నిజం చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణి కాదు.

ఆయన రహస్యం కాపాడుతున్నానని ఏళ్ల తరబడి నాకు నేను నచ్చజెప్పుకున్నాను. కాపాడుకున్నది నా రహస్యాన్నే. అంతటితోనైనా ఆగానా? అయ్యవారు పోయిన మరుసటి ఏడు, పులివెందులలో ఒకాయన నా ఇసుక మాటతోనే నన్ను ఎగతాళి చేయబోయాడు. ప్రొద్దుటూరులో అయ్యవారు చెప్పలేకపోయిన ఆ బదులును నాదన్నట్టు అక్కడ అనేశాను. చప్పట్లు చాలాసేపు మోగాయి. ఇప్పుడు రెండు మాటలూ నా పేరుమీదనే చెప్పుకుంటున్నారు.

మొదటిది నాదే. దాన్ని ఇంకెవరిమీదా నెట్టను. రెండోది అయ్యవారిది. క్షమించమని అడగడానికి ఆయన లేరు; ఉన్నా, ఏ పక్కన కూర్చుని అడగను? కానీ ఆ మాట ఆనాడు ప్రొద్దుటూరు హాలులో వినపడవలసింది. ఇక్కడ, ఆయనదని చెప్పి రాశాను. మీకు వినపడింది.