ఉత్త ఫ్లాష్

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఫోటో స్టూడియో తెరిచిన నాటి నుంచి రాజమోహన్ కాళ్లు నేల మీద ఆనలేదు. నెల్లూరులో ఒకాయన దగ్గర ఆరేళ్లు ట్రేలు కడిగి నేర్చుకున్న విద్య అది. ఆ మాట ఎవరైనా ఎత్తితే మండిపడేవాడు. పెళ్లిళ్లలో మాత్రం చూపుతోనే మనుషులకు వెల కట్టేసేవాడు. పట్టుచీరా, చేతికి వాచీనా, అయితే ఫిలిం. నూలుచీరా, చెప్పుల్లేని కాళ్లా, వాళ్లకు ఉత్త ఫ్లాష్. ఫ్లాష్ వెనక చిన్న బొత్తాం ఉంటుంది. అది నొక్కితే వెలుగొస్తుంది, కెమెరాలో ఏమీ పడదు. వంటవాళ్లూ మేళగాళ్లూ ఆ మెరుపుకే మురిసిపోయేవాళ్లు. ఈ మహానుభావుడు లోపల నవ్వుకునేవాడు. సిగ్గులేని నవ్వు.

ఎనభై ఒకటిలో ఉదయగిరి రామనారాయణ కూతురి పెళ్లికి వెళ్లి మూడు రీళ్లు తీశాడు. ముహూర్తాలు ముంచుకొస్తున్నాయని మూడు వారాలైనా వాటిని కడగలేదు. ఒక పొద్దున రామనారాయణే బస్సు దిగి వచ్చాడు, గుండుతో.

"మా అమ్మ పోయిందయ్యా, పెళ్లయిన నాలుగో దినం. ఆమెకి ఒక్క ఫోటో కూడా లేదు. పెళ్లినాడు వంటల కాడ నువ్వు తీసినావంట గదా, ఫ్లాష్ ఎలగడం మా చెల్లెలు చూసింది. దాన్ని పెద్దది చేసి ఫ్రేము కట్టియ్యి."

"వంటల కాడనా అన్నా?"

"ఆకుపచ్చ నూలుచీర, చేతిలో గంటె. పెళ్లంతా ఆమె చేతి మీదనే నడిచింది గదయ్యా!"

రాజమోహన్ ఆ ముసలమ్మను వంటమనిషి అనుకున్నాడు. మరి తను నొక్కింది ఏది, కెమెరాదా, ఫ్లాష్‌దా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. మోసానికి అలవాటుపడిన వేలికి తేడా ఏం తెలుస్తుంది!

"కడిగి చూస్తానన్నా, రేపు రా."

"రేపెందుకు? ఈడనే కూచుంటా."

చీకటిగదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఏనాడూ ఏ దేవుడికీ దణ్ణం పెట్టనివాడు ఆ అరగంటలో ఏ.ఎస్.పేట దర్గాకు చాదర్ కూడా మొక్కాడు. తొందరలో ఫిలిం కడిగే మందు సగం నేలపాలైంది. రీళ్లు ఒక్కొక్కటే బల్బు వెలుగులో పట్టి చూశాడు. తాసిల్దారు నాలుగుసార్లున్నాడు. పెళ్లికొడుకు స్కూటరు రెండుసార్లుంది. ముసలమ్మ ఎక్కడా లేదు.

బయటికొచ్చి, తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ అన్నాడు. "తీసినానన్నా. అవ్వ కదిలిపోయింది. మొగం పడలా."

రామనారాయణ కళ్లు తుడుచుకుని లేచాడు.

"నీ తప్పేముందిలే. మా అమ్మ అంతే. ఒక్క చోట కుదురుగా నిలబడి ఎరగదు."

రాజమోహన్‌కు ఇప్పుడు, అఘోరించినట్టు, అంతా గుర్తొచ్చింది. ఫ్లాష్ వెలిగించి తను పోతుంటే వెనక నుంచి ఆమె అడిగింది, "నాయనా, ఇంక కదలొచ్చునా?" అని. తను జవాబు చెప్పలేదు. కాసేపటికి మంచినీళ్ల కోసం మళ్లీ అటు వెళితే, గంటె పట్టుకుని ఆమె ఇంకా అట్లాగే నిలబడి ఉంది.