నాకు రాని పని

దెయ్యాలు, గాలి సోకడాలు నేను నమ్మను. పాతికేళ్ళుగా హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. నిమ్మకాయ కోస్తే రక్తం కారినట్టు కనబడటానికి కత్తికి ముందే ఏం పూస్తారో ఏటా పిల్లల చేతే చేయించి చూపిస్తాను. ఊళ్ళో ఎవరికైనా ఏదో పట్టిందంటే ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళమని పోట్లాడేది నేనే. అందుకే ఇది రాయడానికి ఏడాది తటపటాయించాను.

మాది పర్చూరు దగ్గర పల్లె. మావారు మిరప, పత్తి వేస్తారు. నిరుడు మిరపకాయలు కళ్ళంలో ఉన్న రోజులు. ఆదివారం, పొద్దున పదిన్నర. నాగమ్మ, మరో నలుగురు కూలీలు రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంటే నేను కూడా వాళ్ళ పక్కన కూర్చుని ఏరుతున్నాను.

ఉన్నట్టుండి తల వెనక ఎవరో రోకలితో కొట్టారు. నాకు అలాగే అనిపించింది. నొప్పి అనుకోలేదు, దెబ్బే అనుకున్నాను. వెనక్కి తిరిగి "ఎవరది?" అని అడిగాను.

"ఎవరూ లేరమ్మా" అంది నాగమ్మ.

ఆ మాట వినబడటం గుర్తుంది. మెడ బిగుసుకుపోవడం, వాంతి చేసుకోవడం లీలగా గుర్తున్నాయి. తర్వాత పదకొండు రోజులు నా దగ్గర లేవు.

మెదడులో రక్తనాళం చిట్లిందట. గుంటూరులో ఒక ఆసుపత్రికి చేర్చారు. తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపించి చిట్లిన చోటు మూసేశారు. పదిహేడో రోజున ఇంటికి పంపారు. ఇలాంటి తలనొప్పి వచ్చినవాళ్ళలో చాలామంది ఆసుపత్రి దాకా కూడా రారని డాక్టరుగారు మావారితో చెప్పారట.

బతికాను గాని మామూలు మనిషిని కాలేదు. ట్యూబులైటు వెలుగు కళ్ళల్లో గుచ్చుకునేది. కుక్కర్ విజిల్ వేస్తే తలలో మోగేది. మాటలు దొరికేవి కావు. గ్లాసు కావాలంటే "అది, నీళ్ళు తాగేది" అనేదాన్ని. పాతికేళ్ళు పాఠాలు చెప్పిన నోరు అలా అయిపోతే ఎవరూ లేనప్పుడు ఏడ్చేదాన్ని.

వీటన్నిటికీ డాక్టరుగారి దగ్గర జవాబుంది. నా కుడిచెయ్యి సంగతి వేరు.

ఇంటికొచ్చిన రెండో రోజు మొదలైంది. బొటనవేలు, మధ్యవేలు ఒకదానికొకటి ఆనించి, సన్నటిదేదో నలుపుతున్నట్టు తిప్పుతున్నాను. నాకు తెలియకుండానే. పట్టి ఆపితే ఆగేది, వదిలితే మళ్ళీ మొదలు. డాక్టరుగారు చూసి, దెబ్బతిన్న చోటు మానేటప్పుడు ఇలాంటి వణుకు ఉంటుందన్నారు.

సైన్స్ టీచర్ని కదా, గమనించి నోట్సు రాసుకున్నాను. అది వణుకులా లేదు. నాలుగు తిప్పులు, చిన్న ఆగడం, చెయ్యి ఆవగింజంత కుడికి జరగడం, మళ్ళీ నాలుగు తిప్పులు. పొద్దున తొమ్మిది దాటాక మొదలయ్యేది. వెలుతురు తగ్గితే ఆగేది. మబ్బు పట్టిన రోజు ఇంకా ముందే ఆగేది. ఒకసారి దేవుడి గూడు దగ్గర కూర్చుని ఉంటే చెయ్యి దానంతట అదే విభూతి పళ్ళెంలోకి వెళ్ళింది. వేళ్ళకి కాస్త విభూతి అద్దుకుని మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది. అది చూసి మావారు గదిలోంచి వెళ్ళిపోయారు.

రెండు నెలలు ఇలాగే గడిచాయి. ఎండాకాలంలో ఒకరోజు రమణమ్మ అనే ఆమె మా ఇంటికొచ్చింది. చీరాల వైపు నుంచి చేనేత చీరలు మూటకట్టుకొచ్చి ఊళ్ళల్లో అమ్ముతుంది. నన్ను చూడటం అదే మొదటిసారి. వరండాలో మూట విప్పుతూ విప్పుతూ నా చెయ్యి చూసి ఆగిపోయింది.

"అమ్మగారూ, మీది మగ్గం ఇల్లా?" అంది.

కాదన్నాను. మా వంశంలో ఎవరూ మగ్గం ముట్టుకోలేదు.

"మరి పోగులు అతకడం ఎవరు నేర్పారండీ?"

అప్పుడు చెప్పింది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతుంటే దాని కొసలకి కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే కలిపి వేళ్ళతో మెలిపెడతారట. జారకుండా వేళ్ళకి బూడిద అద్దుకుంటారట. నేను చేస్తున్నది అచ్చం అదేనట.

"అందరూ చూపుడువేలుతో అతుకుతారు. మధ్యవేలుతో అతికే మనిషిని ఒక్కామెనే చూశా నేను. మా వీధిలో కోటమ్మ. చిన్నప్పుడు చూపుడువేలు కొస తెగిపోయింది ఆమెకి."

"ఆమెని ఒకసారి చూడొచ్చా?" అని అడిగాను.

"ఎక్కడమ్మా, పోయిందిగా. మిరపకాయల రోజుల్లో, ఆదివారం పూట పోగులతుకుతూ తల పట్టుకుని పడిపోయింది. గుంటూరు తీసుకెళ్ళారు. మూడోరోజుకి అయిపోయింది."

మావారు గుమ్మంలో నిలబడి అంతా వింటున్నారు. రమణమ్మ వెళ్ళాక, నా దగ్గర దాచిన సంగతి బయటపెట్టారు. ఐసీయూలో నా పక్క మంచం మీద ఇంకొకావిడ ఉండేదట. అదే రోజు, అదే తలనొప్పితో వచ్చిందట. ఆవిడ భర్తా ఈయనా కారిడార్లో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళట. ఆవిడ పోయిందని తెలిస్తే నేను ధైర్యం చెడతానని ఎప్పుడూ చెప్పలేదు.

నాకు వెంటనే ఒక వివరణ తట్టింది. స్పృహ లేకపోయినా చెవులు పనిచేస్తాయి. పక్క మంచం దగ్గర వాళ్ళు మాట్లాడుకున్నవి నా తలలోకి వెళ్ళి ఉంటాయి. ఆ మాట మావారితో గట్టిగా అన్నాను కూడా. కానీ విన్నంత మాత్రాన వేళ్ళకి పని వస్తుందా?

తర్వాతి వారం ఇద్దరం కోటమ్మ ఇంటికి వెళ్ళాం. గుమ్మంలో కోటమ్మ భర్త సాంబయ్యని చూడగానే మావారు గుర్తుపట్టారు. ఇద్దరూ కాసేపు చేతులు పట్టుకుని నిలబడ్డారు. సాంబయ్య కూతురు లక్ష్మి మంచినీళ్ళిచ్చింది. ముందు గదిలో ఒక మగ్గం, వెనక గదిలో ఇంకొకటి. వెనకది కోటమ్మ అతుకుతూ వదిలేసిన మగ్గం. నా చెయ్యి ఒళ్ళో తిరుగుతూనే ఉంది.

ఎందుకొచ్చామో మావారు చెప్పారు. తండ్రీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. లక్ష్మి మమ్మల్ని వెనక గదిలోకి తీసుకెళ్ళింది.

"అమ్మ పడిపోయిన రోజుకి పావు వంతు కూడా అవలేదు టీచరుగారూ. అది ముట్టుకోవడానికి మాకు చేతులు రాలేదు. అలాగే వదిలేశాం. తర్వాత చూస్తే కొంచెం కొంచెం అతికి ఉంటోంది. నాన్న చేస్తున్నాడనుకున్నా నేను. నేను చేస్తున్నాననుకున్నాడు నాన్న. ఒకరిని ఒకరం అడిగింది మొన్ననే."

అలా అడిగి తెలుసుకున్నాక గదికి తాళం వేశారట. అయినా ఆగలేదట.

దగ్గరికెళ్ళి చూశాను. వేల పోగులు. ఇంకా అతకాల్సింది నాలుగు వేళ్ళ వెడల్పు మాత్రమే ఉంది. సాంబయ్య ఒక పోగు చూపించాడు. "ఇట్టా బయటికి మెలిపెట్టేది ఆమె ఒక్కతే" అన్నాడు.

"మీకు భయం వెయ్యట్లేదా?" అని అడిగాను.

"మా అమ్మ పనేగా అండీ" అంది లక్ష్మి.

నన్ను ఒక పోగు అతికి చూడమంది. కూర్చున్నాను. బూడిద అద్దుకున్నాను. పోగు నా వేళ్ళ మధ్య తెగిపోయింది. ఇంకోటి తీసుకుంటే అదీ తెగింది. గాల్లో అంత ఒడుపుగా తిరిగే వేళ్ళకి నిజం పోగు పట్టుకోవడం రాలేదు. లేచిపోయాను.

బయలుదేరుతుంటే సాంబయ్య నా దగ్గరగా వచ్చి నా చేతినే చాలాసేపు చూశాడు.

"లోపలికి రానివ్వలేదమ్మా నన్ను. అద్దంలోంచి చూడటమే. ఆ నొప్పి ఎట్టా ఉంటదో తెలిసినోళ్ళు నాకు ఇంకెవరూ లేరు. బాగా బాధపడి ఉంటదా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "మొదటి దెబ్బ చాలా పెద్దది. కానీ క్షణంసేపే తెలుస్తుంది. తర్వాత నాకేమీ తెలియలేదు. ఆమెకీ తెలిసి ఉండదు" అన్నాను. ఆయన తలాడించి కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఈ మాట కోసమే వచ్చానేమోనని తిరుగుదారిలో అనిపించింది.

ఐదు రోజుల తర్వాత గురువారం. పొద్దున పదకొండు కావస్తోంది. పెరట్లో కూర్చున్నాను. నా కుడిచెయ్యి ఆగిపోయింది. ఎప్పుడూ ఉండే చిన్న ఆగడమేనని చూస్తూ కూర్చున్నాను. మళ్ళీ మొదలవలేదు. రెండు నెలలకు పైగా బరువేదో మోసి దించినట్టు భుజం దాకా తేలికైంది.

మధ్యాహ్నం లక్ష్మి ఫోన్ చేసింది.

"అయిపోయిందండీ" అంది.

"నువ్వు అతికావా?" అని అడిగాను.

"లేదండీ. నాన్నా నేనూ ముందు మగ్గం మీదున్నాం. పదకొండింటికి వెనక గదిలో చప్పుడేదో ఆగినట్టయింది. అప్పటిదాకా చప్పుడున్నట్టే తెలియలేదు మాకు. తలుపు తీసి చూస్తే అయిపోయింది."

లక్ష్మి అబద్ధం చెప్పిందని మీరు అనుకోవచ్చు. తల్లి మీద బెంగతో తనే చేసి, చేసినట్టు తనకే తెలియలేదని కూడా అనుకోవచ్చు. నేనూ అనుకుని చూశాను. కానీ నా చెయ్యి ఆగిన సంగతి నేను ఆ ఫోన్‌లో చెప్పలేదు. ఆ తర్వాత కూడా చెప్పలేదు.

ఇప్పుడు బాగానే ఉన్నాను. స్కూలుకి వెళ్తున్నాను. ట్యూబులైటు కింద ఎక్కువసేపు కూర్చోలేను. మాటలు అప్పుడప్పుడు తప్పిపోతాయి, పిల్లలే అందిస్తారు. మొన్న చెకప్‌లో డాక్టరుగారు నా చేతులు రెండూ చాపమని చూసి, కుడిచేతి వణుకు తగ్గిందని చీటీలో రాశారు. ఎలా తగ్గిందని అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో ఇప్పటికీ నాకు తెలియదు.