గెయిన్స్‌విల్ అట్లాంటాలోది కాదు

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. నా తోడికోడలు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, నాకూ నాలుగు మాటలు అనడానికి సందు దొరికేది. ఆమె ఏనాడూ నన్ను చూసి నవ్వింది లేదు, నాకు ఎదురు చెప్పింది లేదు. నా కడుపుమంటకు సగం కారణం అదే.

మేమిద్దరం అన్నదమ్ముల్ని చేసుకున్నాం. నేను పెద్దకోడల్ని. అమెరికాలో, అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టాలో ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఎదురెదురు బిల్డింగుల్లో ఉండేవాళ్ళం. ఒకే కన్సల్టెన్సీ తరఫున ఒకే క్లయింటు ఆఫీసులో పనిచేసేవాళ్ళం. నేను డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుని, వీసా లాటరీలో ఒకసారి పోగొట్టుకుని, నానా తంటాలూ పడి ఉద్యోగం చేసుకునే హెచ్‌వన్ వీసా తెచ్చుకున్నదాన్ని. తను ఎమ్మెస్ చదవడానికి వచ్చింది. చదువు అవుతూనే ఉద్యోగం, మొదటి లాటరీలోనే వీసా. డ్రైవింగ్ టెస్టు కూడా అంతే, వెళ్ళింది, లైసెన్సు పట్టుకుని వచ్చింది. పట్టిందల్లా బంగారం అంటారే, ఆ రకం. గుత్తివంకాయ కూర నా దగ్గర నేర్చుకుని తను వండితే, మా ఆయన అడిగి మరీ రెండోసారి వడ్డించుకునేవారు. నా కూర అడిగి వడ్డించుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

2015లో మా క్లయింటు అల్ఫారెట్టా ఆఫీసు మూసేసి టీమును రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క ఉత్తరాన గెయిన్స్‌విల్‌కి, ఇంకోటి దక్షిణాన న్యూనన్‌కి. గెయిన్స్‌విల్ అంటే కార్లో ముప్పావుగంట, చెట్ల మధ్య నుంచి హాయిగా పోవచ్చు. న్యూనన్‌కి వెళ్ళాలంటే అట్లాంటా నగరం మొత్తం ఈదుకుంటూ అవతలి ఒడ్డుకి చేరాలి. ట్రాఫిక్ ఉంటే రెండు గంటలు. మీలో ఎవరు ఎక్కడికో మీరే తేల్చుకోండి అన్నాడు మేనేజర్. పెద్దదాన్ని కదా, తేల్చేశాను. గెయిన్స్‌విల్ నేను తీసుకున్నాను. "సరే అక్కా, మీకు పాపతో అంత దూరమంటే కష్టం" అంది తను. రోజూ పొద్దున్నే చీకటితో ఆమె కారు గేటు దాటుతుంటే నేను బాల్కనీలో నిలబడి కాఫీ తాగేదాన్ని. ఆ కాఫీ ఎంత రుచిగా ఉండేదో చెప్పలేను.

ఆ ఏడే మా వీసాల వాళ్ళకి ఒక నిబంధన గట్టిగా బిగిసింది. పనిచేసే చోటు మారితే, కొత్త చోటు పాత మెట్రోపాలిటన్ ఏరియాలోనే ఉంటే పరవాలేదు, కొత్త ఆఫీసు గోడకి ఒక నోటీసు అంటిస్తే చాలు. ఆ ఏరియా దాటితే మాత్రం ముందుగా మళ్ళీ పిటిషన్ వేయాలి. అమెండ్‌మెంట్ అంటారు. ఆ మెయిలు చూసి నేను కంగారు పడితే మా ఆయన రంగంలోకి దిగారు. ఉద్యోగం పోయి ఆయన వీసా అప్పుడు నా మీద ఆధారపడి ఉంది, పనికి వెళ్ళే హక్కు లేదు. అందుకని పగలంతా ఇంటర్నెట్ చదివేవారు. ఇమిగ్రేషన్ నుంచి ఇంజన్ ఆయిల్ దాకా ఆయనకు తెలియని విషయం లేదు. అరగంటలో జార్జియా మ్యాపు ఒకటి పట్టుకొచ్చి నా ముందు పెట్టారు. అట్లాంటా చుట్టూ పెద్ద రంగు మరక, ఆ మరకలో గెయిన్స్‌విల్ నిక్షేపంలా ఉంది.

"ఇదిగో చూడు, గవర్నమెంటు మ్యాపే. గెయిన్స్‌విల్ అట్లాంటాలోదే. నువ్వు నిశ్చింతగా వెళ్ళు" అన్నారు.

నమ్మక ఏం చేస్తాను? అసలు మన తెలుగువాళ్ళకి జార్జియాలో అట్లాంటా తప్ప ఇంకో ఊరుందా? రెండు గంటల దూరంలో మొక్కజొన్న చేల మధ్య ఉన్నవాడు కూడా ఎక్కడుంటారండీ అంటే అట్లాంటా అనే చెబుతాడు. కన్సల్టెన్సీలో కాగితాలు చూసే అమ్మాయీ మనమ్మాయే, న్యూజెర్సీలో కూర్చుని ఉంటుంది. మా ఆయన పంపిన మ్యాపు చూసి, అట్లాంటాయే కదా అండీ, సేమ్ ఏరియా, అని రాసేసింది. నేను వెళ్ళి గెయిన్స్‌విల్‌లో కూర్చున్నాను.

శ్రావణంలో తెనాలిలో మా చెల్లి పెళ్ళి. చెల్లికీ నాకూ తొమ్మిదేళ్ళు తేడా. దానికి మొదటి లంగావోణీ కట్టింది నేను, కాలేజీ ఫేర్‌వెల్‌కి చీర కట్టింది నేను. ఈ రోజుకీ దానికి కుచ్చిళ్ళు పెట్టుకోవడం రాదు. మధుపర్కాలు అక్క కడితేనే కట్టుకుంటానని అమ్మతో పంతం పట్టింది. మా రెండు కుటుంబాలకీ ఒకే విమానంలో టికెట్లు బుక్ చేశాం. పాస్‌పోర్టుల్లో మా ఇద్దరి వీసా గడువులూ అయిపోయాయి కనుక తిరిగి రావాలంటే హైదరాబాదులో అమెరికా కాన్సులేటుకి వెళ్ళి కొత్త వీసా ముద్ర, అదే స్టాంపింగ్, వేయించుకోవాలి. దానికోసం కన్సల్టెన్సీ లాయరు మా ఇద్దరి ఫైళ్ళూ చూసింది. తోడికోడలి ఫైలు చూసి హ్యాపీ జర్నీ అని మెయిలు పెట్టింది. నాకు మాత్రం ఫోన్ చేసింది.

గెయిన్స్‌విల్ అట్లాంటాలోది కాదు అంది. మ్యాపులో ఉందే అన్నాను. అది కంబైన్డ్ ఏరియా మ్యాపు, మీకు కావాల్సింది మెట్రోపాలిటన్ ఏరియా మ్యాపు, రెండూ వేరు అంది. ఆవిడ ఓపిగ్గా చెప్పింది, నేను ఓపిక లేకుండా విన్నాను. వీటిని ఊళ్ళతో కట్టరట, మన జిల్లాల్లాంటి కౌంటీలతో కడతారట. నడిబొడ్డున పెద్ద పట్టణం ఉన్న కౌంటీలు కొన్ని ఉంటాయి. చుట్టుపక్కల కౌంటీల్లో పనికి పోయేవాళ్ళలో కనీసం నాలుగోవంతు ఆ నడిబొడ్డు కౌంటీలకి పోతుంటే ఆ కౌంటీ కూడా ఆ మెట్రోలో చేరుతుంది. న్యూనన్ ఉన్న కౌంటీ జనం అలా పొద్దున లేచి అట్లాంటా వైపు పరిగెత్తే బాపతు. అందుకని అది అట్లాంటాయే. గెయిన్స్‌విల్ ఉన్న కౌంటీకి దాని పట్టణం దానికుంది, దాని కోళ్ళ ఫ్యాక్టరీలు దానికున్నాయి. ఎక్కువమంది అక్కడే పుట్టి అక్కడే పనిచేసి అక్కడే పడుకుంటారు. కాబట్టి అది సొంతంగా ఇంకో మెట్రో. ఇలాంటి పక్కపక్క మెట్రోల మధ్య కొద్దోగొప్పో రాకపోకలుంటే అన్నిటినీ కలిపి కంబైన్డ్ అని ఇంకో పెద్ద గీత గీస్తారు. నాకు అర్థమైంది ఇంతే. మెట్రో అంటే ఒకే పొయ్యి మీద వండుకునే కుటుంబం. కంబైన్డ్ అంటే వియ్యాలవారు. పెళ్ళికి వస్తారు, భోజనం చేస్తారు, రేషన్ కార్డులో పేరు మాత్రం ఉండదు.

నేను ముప్పావుగంట వెళ్ళి పొలిమేర దాటాను. ఆమె రెండు గంటలు వెళ్ళి ఊళ్ళోనే ఉంది. దగ్గరదని కోరి మరీ కొరివితో తల గోక్కున్నాను.

లాయరు హడావుడిగా అమెండ్‌మెంట్ వేసింది. జవాబు వచ్చేదాకా దేశం దాటొద్దంది. స్టాంపింగ్‌లో ఆఫీసరు ఆ కాగితం అడిగి పక్కన పెట్టాడంటే నేను అక్కడే ఇరుక్కుపోతాను, నాతోపాటు మా ఆయన వీసా కూడా పోతుంది. మా ఆయన రెండు రోజులు నా మొహం చూడలేదు. మూడో రోజు, అసలు ఆ మ్యాపు కింద కంబైన్డ్ అని ఎంత చిన్న అక్షరాలతో వేశారో చూశావా అని మొదలుపెట్టారు. ఆ మ్యాపు చుట్టి ఎక్కడ పెట్టుకోమన్నానో ఇక్కడ రాయను.

ఆ సాయంత్రం తోడికోడలు వచ్చింది. సోఫా అంచున కూర్చుంది.

"అక్కా, మీరు రాకుండా నేనెలా వెళ్తాను? టికెట్ క్యాన్సిల్ చేసేస్తా" అంది.

చేసెయ్ అని నోటి చివరిదాకా వచ్చింది. ఒట్టు, పెదవి మీదికి వచ్చేసింది. నా చెల్లి పెళ్ళికి నేను లేనప్పుడు నువ్వెందుకు అని అడగాలనిపించింది. నీకు న్యూనన్ ఇచ్చింది నేనే కదా, ఆ న్యూనన్ పుణ్యమే కదా నువ్వు ఎగిరిపోతున్నావు అని కూడా అనాలనిపించింది. పెద్దకోడలి పరువు అడ్డొచ్చింది.

"పిచ్చిదానిలా మాట్లాడకు. మనవాళ్ళు ఒక్కరైనా ఉండాలి. నువ్వు వెళ్ళు" అన్నాను.

ఇంకోసారి బతిమాలుతుందనుకున్నాను. బతిమాలలేదు. సరే అక్కా అని లేచి వెళ్ళిపోయింది. చెప్పిన మాట వినడం ఆమెకున్న పెద్ద దుర్గుణం.

పెళ్ళి రోజులన్నీ ఫోన్‌లోనే గడిచాయి. ఆఫీసులో టెస్టు కేసులు ఒక స్క్రీన్ మీద, ఫొటోలు చేతిలో. పసుపు దంచుతున్న ఫొటోలో మా అమ్మ పక్కన రోకలి పట్టుకుని తను. గాజులు తొడిగే ఫొటోలో తను. నేను తొడుక్కోవాలని కుట్టించిన జాకెట్టు రంగే వేసుకుందేమోనని కూడా అనుమానపడ్డాను. కాదు, వేరే రంగే. చివరికి మధుపర్కాల ఫొటో వచ్చింది. తెల్లచీర, ఎర్రంచు, నా చెల్లి తల వంచుకుని నిలబడింది. వెనక మోకాళ్ళ మీద కూర్చుని అంచు సర్దుతూ తను. నేను రెండు వేళ్ళతో ఆ ఫొటోని పెద్దది చేసి కుచ్చిళ్ళు చూశాను. ఎక్కడైనా ఒక మడత వంకర పోయిందేమో, కింద ఎత్తుపల్లాలున్నాయేమో అని వెతికాను. అచ్చు దింపినట్టున్నాయి. నేను కడితే ఎప్పుడూ ఎడమవైపు కాస్త జారేది. కోళ్ళ ఫ్యాక్టరీ వాసన వచ్చే ఆ ఆఫీసు పార్కింగ్‌లో కారెక్కి, తలుపులేసుకుని ఏడ్చాను. చెల్లి పెళ్ళికూతురైనందుకు అనుకున్నారు, కళ్ళు ఎందుకు వాచాయని ఇంట్లో అడిగినవాళ్ళు. నేనూ అలాగే చెప్పాను.

తను తిరిగొచ్చిన వారానికి శనివారం పొద్దున మా ఇంటికి వచ్చింది. అమ్మ పంపిన సున్నుండలు, కందిపొడి, నాకు పెట్టిన చీర వంటింటి గట్టు మీద ఒక్కొక్కటే తీసి పెడుతోంది. అప్పుడే చెల్లి ఫోన్ చేసింది. పెళ్ళయ్యాక నాతో తీరిగ్గా మాట్లాడటం అదే మొదలు. ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. అది ఏడుస్తుందనుకున్నాను. నువ్వు లేకపోతే పెళ్ళి పెళ్ళిలా లేదే అంటుందనుకున్నాను. ఆ మాట కోసం నేను నెల రోజులుగా కాచుకుని ఉన్నాను. అలా అంటే ఓదార్చడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

"నువ్వు బెంగపెట్టుకోకే అక్కా. నువ్వు లేని లోటు ఒక్క నిమిషం కూడా తెలియనివ్వలేదు" అంది చెల్లి.

మంచిదేగా అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది. అత్తగారు ఎలా ఉన్నారు, కొత్తకాపురం ఎలా ఉంది అని అడిగాను. అన్నిటికీ పొట్టిపొట్టిగా జవాబులు చెప్పి, కొంచెం మొహమాటంగా అడిగింది.

"చిన్నక్క అక్కడే ఉందా? ఒక్కసారి ఫోనివ్వవా?"

ఇచ్చాను.