చెదలు తిన్న ముగింపు

నడిసముద్రపు దీవుల్లోని మాయాబందర్‌లో టీచరుగా చేరిన కొత్తలో నేనొక మనిషిని చంపేశాను. కంగారు పడకండి, కథలోనే. అయినా జాలరిపేట సగం నా మీదికొచ్చింది.

మాది దక్షిణాన ఇంకో దీవిలో చౌల్దారీ అనే ఊరు. ఏడో తరగతికి తెలుగు చెప్పమన్నారు. పిల్లలు హిందీ కలిపి గలగలా తెలుగు మాట్లాడతారు గానీ, పుస్తకం తెరిస్తే మాత్రం అందరికీ ఒకేసారి దాహం వేసేది.

"చదవడం ఎందుకు టీచర్? మొబైల్లో సబ్ కుఛ్ దొరుకుతుంది కదా," అనేది నూకాలు. క్లాసంతా దాని మాటే వినేది.

చదువు మీద ఇష్టం ఎలా పుట్టించాలో ట్రైనింగులో విన్నదంతా నా బుర్రలో పొంగుతోంది మరి. లైబ్రరీ బీరువాలోంచి పాత కథల పుస్తకం ఒకటి తీసి చదివి వినిపించాను. చేపల వేటకెళ్లాడనుకున్న మొగుడు తిరిగి రాకపోతే, పెళ్లాం ఒంటరిగా పడవేసుకుని వెతకడానికి బయల్దేరుతుంది. కథలో తుఫాను మొదలవగానే టప్పున పుస్తకం మూసేశాను.

"ఫిర్ క్యా హువా, టీచర్?"

"కావాలంటే మీరే చదువుకోండి."

పుస్తకం నూకాలు చేతిలో పెట్టి, దండయాత్రలో గెలిచిన రాణిలా స్టాఫ్‌రూముకి నడిచాను. మిగతా సగం నేనూ చదవలేదన్నది అప్పటికి చాలా చిన్న విషయం.

మర్నాడు పొద్దున్నే నూకాలు నాయనమ్మ అప్పలమ్మ బడికొచ్చింది. వెనకాల చేపల గంపలతో మరికొందరు ఆడవాళ్లు. మనవరాలు కూడబలుక్కుంటూ వాళ్లందరికీ చదివి వినిపించిందట.

"టీచరమ్మా, ఆఖరి కాయితాలు చెదలు తినీసినాయి. ఆడు బతికేడా, నేదా?"

నాకూ తెలీదని చెప్పొచ్చు. కానీ కిటికీల నిండా నా శిష్యులే. విషాదంగా ముగిస్తే గొప్పగా ఉంటుందనుకుని, "ఆమె చేరేసరికే ప్రాణం విడిచాడండీ," అన్నాను.

అప్పలమ్మ మొహం మాడిపోయింది. "మావోడు బోటు మీదెల్లి ఇంకా రానేదు. నువ్విలాటి మాటంటావేటమ్మా?"

వెంటనే మాట మార్చాను. "అంటే... ప్రాణం విడిచినట్టు పడుకున్నాడండీ."

"మరి లెగిసేడా?"

"లేచాడు."

"ఏటి తిన్నాడు?"

"ఆమె అన్నం పట్టుకెళ్లింది."

"వానకి తడిసిపోదేటి?"

"స్టీలు డబ్బా అండీ. గట్టి మూత."

ఆ దంపతుల్ని ఒడ్డుకు చేర్చి, పొడిబట్టలు కట్టించి, చేపల పులుసు వండించేదాకా ఆవిడ నన్ను వదల్లేదు. మర్నాడు ఆవిడ కొడుకు క్షేమంగా తిరిగొచ్చాడు. ఆ ఘనత నా కథకే కట్టబెట్టి, మా ఇంటికి పెద్ద వంజరం చేప పంపింది.

అంతటితో ఆగిపోతే బాగుండేది. హెడ్మాస్టరుగారు ముచ్చటపడి విశాఖ నుంచి ఓడలో కొత్త ప్రతి తెప్పించారు. అందులో ఆ మహానుభావుడు అసలు సముద్రం మొహమే చూళ్లేదు. పెళ్లాం మీద అలిగి, పక్కూళ్లో అక్క ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నాడు.

నూకాలు చదువుతుంటే అప్పలమ్మ చివరిదాకా విని, "అచ్చేసినోలు తప్పేసీసినారు. టీచరమ్మ సెప్పిందే అసలుది," అని తేల్చేసింది.

ఆ వారమే ఏడో తరగతి మొత్తం బీరువా ముందు నిలబడింది. "మిగతావాటిలో కూడా గల్తీలున్నాయేమో చూస్తాం, టీచర్." అలా తప్పులు పట్టడానికి చదవడం మొదలెట్టినవాళ్లు ఏడాది తిరిగేసరికి బీరువా ఖాళీ చేశారు. ఇప్పటికీ జెట్టీ దగ్గర ఎవరో ఒకరు ఆపి, ఫలానా కథ ముగింపు బాగోలేదని నాకే ఫిర్యాదు చేస్తారు. నేనే రాసినట్టు సిగ్గుపడతాను.

అందుకే సముద్రం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: చివరి పేజీ దాకా చదవందే ఏ పుస్తకమూ ఎవరి చేతిలోనూ పెట్టను. ఎవర్నైనా చంపక తప్పకపోతే, బోట్లన్నీ ఒడ్డుకొచ్చాకే చంపుతాను.