రాజేశం చేతికున్న గంజి

మొన్న ఆదివారం మా అమ్మాయి నన్ను హైదరాబాదులో ఒక సినిమాకు తీసుకుపోయింది. ఏదో పరాయి దేశపు సినిమా. నలుగురు పిల్లలు చక్రాల పలకల మీద నిలబడి, వీధులన్నీ తమవే అన్నట్టు తిరుగుతుంటారు. కథ నాకు పెద్దగా ఎక్కలేదు. కానీ ఆ చక్రాలు రోడ్డు మీద గరగరమని దొర్లే చప్పుడు నాకు బాగా తెలిసిందే. ఒక పిల్లవాడు పడిపోతే మిగతా ముగ్గురూ పరుగెత్తుకొచ్చి లేపుతారు. అక్కడ తల వంచుకున్నాను. బయటికొచ్చాక, "నీకు చిన్నప్పుడు ఇట్లాంటి దోస్తులు ఉండెనా డాడీ?" అని అడిగింది. ఉండె అన్నాను. రాజేశం గురించి చెప్పాను. సగమే చెప్పాను. అది విని తను నవ్వుతుంటే నేనూ నవ్వాను. రెండో సగం చెప్పడానికి నోరు రాలేదు. అందుకే రాస్తున్నాను.

రాజేశం సిరిసిల్లలో మా వాడకట్టులోనే ఉండేవాడు. నాకంటే ఏడాది పెద్ద, అయినా ఇద్దరిదీ ఒకే తరగతి. మా నాన్నకు పన్నెండు సాంచలు ఉండేవి; మరమగ్గాలను మా దగ్గర సాంచలంటారు. రాజేశం తండ్రి వాటి మీద బట్ట నేసేవాడు, తల్లి ఇంట్లో బీడీలు చుట్టేది. బడి లేనప్పుడు రాజేశం మా కార్ఖానాలో నూలుకు గంజి పెట్టేవాడు. అరిగిపోయి పారేసిన బేరింగులు నాలుగు ఏరుకొచ్చి, ఒక విరిగిన చెక్కకు బిగించి బండి తయారు చేశాడు. అట్లాంటి బండి మీద మా వాడలో అందరూ కూర్చుని నెట్టించుకునేవాళ్ళు. రాజేశం రెండు రోజులు కూర్చున్నాడు. మూడో రోజు లేచి నిలబడ్డాడు. "కూసుంటె ఎవడో ఒకడు నూకాలె. నిలబడితె మనమే పోవచ్చు" అన్నాడు.

మానేరు వంతెన దాటాక తంగళ్ళపల్లి వైపు దిగే వాలు మా చోటు. నా రెండు చేతులూ పట్టుకుని, నాకు ఎదురుగా వెనక్కి నడుస్తూ నేర్పాడు. "కాళ్ళ దిక్కు సూడకురా. పోయే దిక్కు సూడు" అనేవాడు. పడితే ఎట్లా అంటే, "పడితె లేస్తం. గంతే గదా" అనేవాడు. అప్పటిదాకా నేను సొంతంగా చేసిన పని ఒక్కటీ లేదు. నెల తిరిగేసరికి ఆ వాలంతా ఒక్కణ్నే దిగాను. ఆ రోజు నాకంటే రాజేశమే ఎక్కువ సంబరపడ్డాడు.

ఒకసారి వద్దన్నా వినకుండా వేగంగా దిగి, రాయికి తగిలి పడ్డాను. మణికట్టు విరిగింది. రాజేశం నన్ను వీపున వేసుకుని వంతెన మీదుగా సర్కారు దవాఖానాదాకా మోశాడు. మా నాన్న రాగానే, నేను నోరు విప్పకముందే, "నేనే నూకిన కాకా" అన్నాడు. నాన్న అందరి ముందూ అతని చెంప మీద రెండు కొట్టాడు. అట్లా ఎందుకు చెప్పావని తర్వాత అడిగాను. "నువ్వే పడ్డవంటె బండి పలగ్గొడుతడు. నేను నూకిన్నంటె నన్ను కొట్టి ఊకుంటడు" అన్నాడు, చెంప తడుముకుంటూ.

మా పదో తరగతి చలికాలంలో, నా చెయ్యి అతుక్కున్నాక, అన్నలు బందుకు పిలుపిచ్చారు. అడవిలో ఉండి పోరాడేవాళ్ళను మా ఊళ్ళలో అన్నలనేవాళ్ళు. బస్సులు లేవు, లారీలు లేవు. తెల్లారేసరికి రోడ్డంతా ఖాళీ. నేను కార్ఖానాకు పరుగెత్తి, గంజి పెడుతున్న రాజేశాన్ని పనిలోంచి లాక్కొచ్చాను. చేతులు కూడా కడుక్కోనివ్వలేదు. వంతెన గోడ మీద అన్నల పోస్టర్లు గంజితో అతికించి ఉన్నాయి, ఇంకా తడి ఆరలేదు. మేం వాటిని పట్టించుకోలేదు. రెండోసారి దిగుతుండగా పోలీసు జీపు వచ్చి ఆగింది.

ఒక పోలీసు రాజేశం చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. వేళ్ళ నిండా తెల్లటి గంజి.

"పోస్టర్లు నువ్వే పెట్టినవా?"

"లేదు సార్. గిది నూలు గంజి. వీళ్ళ కార్ఖానల పని చేసి అచ్చిన. వీన్ని అడుగుండ్రి."

ఎస్సై నన్ను చూశాడు. మా నాన్న అతనికి తెలుసు. "నిజమేనా? పొద్దటి సంది ఇద్దరు కలిసే ఉన్నరా?" అని మెల్లగానే అడిగాడు. కొట్టలేదు, బెదిరించలేదు. అవునంటే సరిపోయేది.

"నాకు తెల్వదు సార్. నేను గిప్పుడే అచ్చిన" అన్నాను.

రాజేశం నా వైపు చూశాడు. కోపంగా కాదు, తాను సరిగ్గా వినలేదేమో అన్నట్టు. అతన్ని జీపెక్కించారు. నన్ను ఇంటికి పొమ్మన్నారు. ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా పరుగెత్తాను.

మర్నాడు రాజేశం తల్లి మా గడప ముందుకొచ్చింది. "అన్నా, మీ పిలగాడే అచ్చి మావోన్ని తోల్కపోయిండని కార్ఖానోళ్ళు చెప్పిండ్రు. ఠాణకచ్చి గా ఒక్క మాట చెప్పుమను. ఇడ్సిపెడ్తరు" అంది. "మావోడు నిన్న గడప దాటలే చెల్లె" అన్నాడు నాన్న. నేను తలుపు వెనకే ఉన్నాను. దానికి గొళ్ళెం కూడా వేసి లేదు. బయటికి రావడానికి ఒక్క అడుగు చాలు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయే దాకా అక్కడే ఉన్నాను.

నాలుగో రోజు విడిచిపెట్టారు. అరికాళ్ళ మీద కొట్టారట. ఇద్దరు పట్టుకుని నడిపించుకొచ్చారు. ఇరవై రోజులు నేను ఆ ఇంటి వైపు పోలేదు. చివరికి అతనే గోడ పట్టుకుంటూ మా కార్ఖానాకు వచ్చాడు.

"భయమైందారా?" అని అడిగాడు. తలూపాను.

"నాకు గూడ అయింది" అన్నాడు. అప్పుడు విరిగిన నా మణికట్టు పట్టుకుని, "చెయ్యి ఇంక గుంజుతాందా?" అని అడిగాడు.

ఆ నెలలోనే వాళ్ళ కుటుంబమంతా సాంచల పని వెతుక్కుంటూ దూరాన భివండికి పోయింది. రాజేశం పదో తరగతి పరీక్షలు రాయలేదు.

తర్వాత నేను కోరుట్లలో టీచరునయ్యాను. ఒకరోజు ఒక విద్యార్థి కోసం పోలీసులు బడికి వచ్చారు. "నిన్నంత నా క్లాసులనే ఉన్నడు సార్. రాసిస్త" అన్నాను. కాగితం తీసి రాసి సంతకం పెట్టాను. వాళ్ళు వెళ్ళిపోయారు. తోటి టీచర్లు నా ధైర్యాన్ని మెచ్చుకుంటుంటే అక్కడ కూర్చోలేకపోయాను. ఇంత తేలికైన పని ఇది. ఒక్క వాక్యం, ఒక్క సంతకం.

రాజేశాన్ని మళ్ళీ ఒక్కసారే చూశాను, జగిత్యాల బస్టాండులో. బీర్పూర్‌లో చుట్టాల పెళ్ళికి భార్యతో వచ్చాడు. ఎడమ కాలు కాస్త ఈడుస్తున్నాడు. నన్ను ముందు గుర్తుపట్టింది అతనే. నా భుజం మీద చెయ్యి వేసి, "గీడు నా జిగ్రి దోస్తు. మంచోడు" అని ఆవిడతో చెప్పాడు.

"రాజేశం, ఆ పొద్దు..." అన్నాను.

"బస్సచ్చిందిరా" అని సంచీ ఎత్తుకున్నాడు. నేను ఆపలేదు. ఉంటున్న చోటు కూడా అడగలేదు. ఆవిడ మాత్రం బస్సెక్కబోతూ ఆగి, భర్త మాటను పూర్తిగా నమ్మిన ముఖంతో నాకు నమస్కారం పెట్టింది. నేనూ తిరిగి పెట్టాను. ఇప్పటికీ ఎవరైనా నన్ను మంచివాడంటే, ముందుగా ఆ ముఖమే కళ్ళ ముందుకొస్తుంది.