ఎదుట పెట్టింది ముట్టని కుక్క

మాది నెల్లూరు వైపు కోట దగ్గర సముద్రపు ఒడ్డున ఉండే పల్లె. మా అమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. ఇసుక మీద పాత వలలు పరిచి, చేపలు ఆరబోసి, పొద్దుగూకేదాకా సరుగుడు కర్ర పట్టుకుని కాపలా కూర్చుంటుంది. కాకినైనా క్షమిస్తుంది గానీ కుక్కను క్షమించదు. ఊళ్ళో కుక్కలకూ ఆ సంగతి తెలుసు. ఆరబోసిన చేపకు మూతి తగిలిందంటే వీపు చిట్లుతుంది. సాయంత్రం తలకాయలు, చితికిన చేపలు దూరంగా విసురుతారు. ఇసుకలో పడిందే వాటి కూడు.

వాటిలో ఒక ఎర్ర కుక్క ఉండేది. పిల్లగా ఉన్నప్పుడు ఎక్కడ దూరిందో, మెడకు నైలాను వలముక్క చుట్టుకుంది. ఒళ్ళు పెరిగేకొద్దీ ఆ దారం కండలోకి దిగి పురుగులు పట్టాయి. అందరం చూశాం. ముక్కు మూసుకుని పక్కకు తప్పుకున్నాం. అయ్యో పాపం అంటే ఆరునెలల పాపం చుట్టుకుంటుందని మావాళ్ళ భయం. చివరికి నాకే ఒళ్ళు మండి, నెల్లూరులో వీధికుక్కల షెల్టర్ ఒకటుందని విని ఫోన్ చేశాను. వ్యాన్ వచ్చిన రోజు ఊరంతా పని మానుకుని చూసింది.

"మనిషికి పిలిస్తే రాదు గానీ, కుక్కకి మాత్రం బండి వొచ్చినాది," అంది అమ్మ.

షెల్టర్‌లో దారం కోసి తీశారు, పుండు కడిగి కట్టు కట్టారు. ఇక గండం గడిచిందనుకున్నాం. అప్పుడు అక్కడి డాక్టరమ్మ ఫోన్ చేసింది. కుక్క మెతుకు ముట్టడం లేదట. ఎన్నాళ్ళని సెలైన్ మీద నిలబెడతాం, తెలిసిన మనిషిని చూస్తే తింటుందేమో, ఒకసారి రమ్మంది. డాక్టరమ్మకిమ్మని అమ్మ సణుగుతూనే ఎండుచేపల పొట్లం కట్టిచ్చింది.

నేను వెళ్ళేసరికి అది గోడవారగా కూర్చుని ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ముందు గిన్నెలో చికెన్ కలిపిన అన్నం. నన్ను చూసి తోక కొసతో నేలను తట్టింది గానీ, గిన్నె వైపు చూడలేదు. ఆకలి చచ్చిపోయిందేమో అంది డాక్టరమ్మ. నేనూ అదే అనుకునేదాన్ని. కానీ దాని మూతి కింద నేల తడిసి ఉంది. నోట్లోంచి చొంగ ధారగా కారుతోంది. ఆకలి చావలేదు, అది తినకుండా ఆపుకుంటోంది.

ఎదుట పెట్టింది తనది కాదు. మా ఒడ్డున అది నేర్చుకున్నది అదే. ఇక్కడ కర్ర లేదు, అమ్మ లేదు, అడిగేవాళ్ళే లేరు. అయినా ప్రాణం పోతున్నా ఆ గీత దాటలేదు. అది భయమో, నియమమో నాకు ఇప్పటికీ తెలియదు. నా శనివారం ఒక్కపొద్దు టీ బిస్కెట్లు లేకుండా సాగదు. ఆ కుక్క ముందు నిలబడటానికి నాకు బెరుకేసింది.

పొట్లం విప్పి ఒక చేపను దూరంగా విసిరాను. అది తూలుతూ లేచి, పరుగులాంటి నడకతో వెళ్ళి, చేపను అందుకుంది. డాక్టరమ్మ ఉప్పుచేప ఇక చాలని నన్ను ఆపి, తనే అన్నం ముద్దలు చేసి విసరసాగింది. గిన్నె ఖాళీ అయ్యింది.

పుండు మానాక, పట్టుకున్న చోటే వదలాలని రూలట, షెల్టర్‌వాళ్ళు దాన్ని మా ఒడ్డుకే తెచ్చారు.

ఒక మధ్యాహ్నం అమ్మకు అన్నం తీసుకెళ్ళాను. కర్ర పక్కన పెట్టి కూర్చున్నచోటే కునుకు తీస్తోంది. వల అంచున ఎర్రది కూర్చుని, వాలబోయిన కాకులనల్లా తరుముతోంది. ఒక్క చేప కూడా కదల్లేదు. అలికిడికి అమ్మ లేచింది. చేపల వైపు చూసింది, కుక్క వైపు చూసింది. క్యారియర్ మూతలో అన్నం, పులుసు ముక్క వేసి దాని ముందు పెట్టింది.

అది ముఖం పక్కకు తిప్పుకుంది. నోట్లోంచి చొంగ కారింది.

అమ్మ కర్ర తీసి దూరంగా విసిరేసింది.

"తినుమా, నీదే," అంది.

అది కర్ర వెంట పోలేదు. అమ్మ ముఖంలోకి చాలాసేపు చూసి, తల వంచి మూతలోది తిన్నది.