పతకానికి ఒక నవల

ఆ వీధిలో ఆమెను అందరూ పుస్తకాలావిడ అంటారు. చేసేది మాత్రం మట్టి నగలు. మెత్తటి మట్టిని పూసలుగా, దిద్దులుగా, పతకాలుగా మలిచి, నీడన ఆరబెట్టి, పెరట్లో పాత ఇనుప డ్రమ్ములో రంపపు పొట్టు నింపి కాల్చి, రంగులు వేసి అమ్ముతుంది. ఎనిమిదేళ్లుగా అదే పని. అయినా నగలావిడ అనాలని ఎవరికీ తోచలేదంటే తప్పు వీధిది కాదు. ఎప్పుడు చూసినా వరండాలో, ఆరుతున్న పళ్లేల పక్కన చాప మీద కూర్చుని, మట్టి అంటిన వేళ్లతో పేజీలు తిప్పుతూ కనిపించేది. లైబ్రరీ ఆయన ఆమె తిరిగిచ్చిన పుస్తకాలను దులిపి మరీ అరలో పెట్టేవాడు.

పోనీ ఆ సుఖమైనా మనసారా అనుభవించిందా అంటే అదీ లేదు. పని ఎగ్గొట్టి చదువుతున్నానన్న గుబులు ఎప్పుడూ ఉండేది. గేటు చప్పుడైతే పుస్తకం చాప కిందికి పోయేది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, తన సంపాదన తాను తింటున్న మనిషి, చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టిన పిల్లలా ఉలిక్కిపడటం ఏం న్యాయమో నాకైతే తెలియదు.

ఆ భయమంతా ఆడపడుచంటే. భర్తకు అక్క, పక్క వీధిలో బట్టలకొట్టు నడుపుతుంది. చెడ్డ మనిషి కాదు. కాకపోతే ఎదుటివాళ్ల మంచి కూడా తనే చూసుకుంటుంది. "పుస్తకం హస్తభూషణమే, నేను కాదన్నానా? కానీ ఆ భూషణాన్ని నీ దగ్గర ఎవరూ కొనరు" అనేది.

ఇలా ఉండగా నాటక బృందం నడిపే ఒకావిడ వచ్చింది. నలభై మంది నటులకు నలభై సెట్లు, ఆరు వారాల్లో కావాలంది. అంత పెద్ద ఆర్డరు అంతకుముందు ఎన్నడూ రాలేదు. సంగతి తెలిసి ఆ సాయంత్రమే ఆడపడుచు వచ్చి వాలింది.

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవమ్మాయ్. ఇది టైముకి ఇచ్చావా, నీ మట్టి నీ ఇష్టం. ఇవ్వలేకపోయావా, అన్నీ కట్టిపెట్టి వచ్చి మా కొట్లో కూర్చో. తమ్ముడూ సరేనన్నాడు."

తమ్ముడు గోడ వంక చూస్తూ నిలబడ్డాడు. లారీ మెకానిక్కు. ఎంత బిగుసుకుపోయిన బోల్టునైనా విప్పుతాడు గానీ అక్క ముందు నోరు విప్పలేడు. ఆమె కూడా సరేనంది. పుస్తకాలన్నీ బీరువాలోకి, బీరువా తాళం ఆడపడుచు బొడ్లోకి వెళ్లిపోయాయి.

పన్నెండు రోజుల్లో నగలన్నీ మలిచింది. ఆరబెట్టడం దగ్గరే వచ్చింది చిక్కు. పుస్తకం లేదు, చేతులు ఊరుకోవు. ఆడపడుచు రోజుకు రెండుసార్లు వచ్చి, "ఖాళీగా కూర్చున్నావేం?" అంటుంది. ఆమె లేచి పళ్లేలు తిరగేస్తుంది, మళ్లీ తిరగేస్తుంది. రెండో రోజుకే అన్నిటినీ ఎండలోకి లాగింది. ఆర్డరు వచ్చిన ఇరవై నాలుగో రోజున కాలుస్తుంటే డ్రమ్ములోంచి టప్పు టప్పుమని వినబడింది. చల్లారాక చూస్తే సన్నటి పూసలు, దిద్దులు దక్కాయి. లావుపాటి పతకాలు నలభైలో ఇరవై ఆరు ముక్కలయ్యాయి.

"పోనీలే, కొట్లో ఫ్యాను కింద పని" అంది ఆడపడుచు. ఓదార్చాననే అనుకుంది పాపం.

ఆమె ఏడవలేదు. ఒక పెంకు తీసి చూసింది. పైన ఎర్రగా కాలింది, లోపల పొర పొరలుగా విచ్చింది. పై పొర ఎండకు బిగుసుకుని, లోపలి తడిని బయటికి రానివ్వలేదు. ఎనిమిదేళ్లలో ఏ వాయిలోనూ రెండుకు మించి పగల్లేదే. అదే మట్టి, అదే డ్రమ్ము, అదే పొట్టు. ఈసారి లేనిది ఒక్కటే. దిద్దు ఒక వైపు ఆరడానికి నలభై పేజీలు, అప్పుడు తిరగేయాలి. పతకానికైతే ఒక నవలంత వ్యవధి కావాలి. గడియారం చూసి ఎప్పుడు ఆరబెట్టింది కనుక? తాను చదువుతూ కూర్చున్నన్నాళ్లూ పని జరుగుతూనే ఉంది. ఇన్నేళ్లు దేనికి సిగ్గుపడిందో తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మండింది.

"తాళం ఇవ్వండి వదినా."

"ఇంకా పద్దెనిమిది రోజులే ఉన్నాయి. మతి గానీ పోయిందా?"

"మతి ఇప్పుడే వచ్చింది. ఇవ్వండి."

ఆ గొంతు ఆడపడుచు ఎన్నడూ వినలేదు. తాళం ఇచ్చేసింది.

రెండు రోజుల్లో ఇరవై ఎనిమిది పతకాలు మలిచి, నీడన పరిచి, తడిబట్ట కప్పి, బీరువాలోకెల్లా లావుపాటి పుస్తకం తెచ్చుకుని వరండా మధ్యలో కూర్చుంది. గేటు చప్పుడైంది. పుస్తకం కదల్లేదు. పన్నెండు రోజులు ఆమె చదివింది, చూస్తున్న ఆడపడుచుకి తలప్రాణం తోకకొచ్చింది. ఐదో రోజున ఉండబట్టలేక పళ్లెం ఎత్తబోయింది కూడా.

"ఇంకా డెబ్భై పేజీలున్నాయి వదినా" అంది ఆమె తలెత్తకుండానే.

పళ్లెం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

కాల్చిన మర్నాడు పొద్దున భర్త డ్రమ్ము మూత తీశాడు. ఆడపడుచు కొట్టు తెరవకుండా వచ్చి నిలబడింది. ఆమె ఒక్కొక్క పతకాన్నీ తీసి, బూడిద ఊది, గోటితో కొట్టింది. ఖంగుమంది. రెండోదీ అంతే. పదో పతకానికి భర్త నవ్వడం మొదలుపెట్టాడు. ఇరవై ఎనిమిదిలో ఇరవై ఏడు మోగాయి. ఆమె పెరట్లో అలాగే నిలబడి గట్టిగా నవ్వింది. అంత సంతోషం ఆమెకు ఊహ తెలిశాక లేదు.

గడువు రోజున నాటకాలావిడ నగలు చూసుకుని మురిసిపోయి, వచ్చే నాటకానికి వంద సెట్లు, నెల రోజుల్లో చేసివ్వగలరా అని అడిగింది. ఆమె ఎలాగోలా చేస్తానండీ అనబోయింది. అంతలో పక్కనుంచి ఆడపడుచు అందుకుంది.

"కుదరదండీ. మట్టి ఆరాలి, మా మరదలు చదువుకోవాలి. రెండు నెలలు పడుతుంది."

నాటకాలావిడ ఇద్దరి మొహాలూ చూసింది. నాటకం నెల రోజులు వాయిదా పడింది.